దూది ఉస్తాద్

ఉస్తాద్ పోయాడని మునిరత్నం ఫోన్ చేసినప్పుడు నేను జిరాక్స్ మిషను ముందు నిలబడి ఎవరిదో భూమి దస్తావేజు కాపీలు తీస్తున్నాను.

"ఉస్తాద్ పోయినాడు మే. తెల్లార్తో నమాజుకని లేసి, కాళ్ళు కడుక్కుంటా అట్లే గోడకి ఒరిగిపోయినాడంట" అన్నాడు.

"సరే" అన్నాను. అంత పెద్ద మాటకి నా నోట్లోంచి వచ్చింది అంతే. మిగిలిన కాపీలు తీసి, పిన్నులు కొట్టి, ఆ దస్తావేజు తెచ్చిన పెద్దమనిషి చేతిలో పెట్టాను. ఆయన చిల్లర లేదంటే రేపిద్దురులే అని పంపించేశాను. ఏడుపు రాలేదు. ఉస్తాద్‌తో నేను మాట్లాడి ఏడాదిన్నర దాటింది. మాట్లాడకుండా ఉన్నది నేనే, ఆయన కాదు.

ఆయన పేరు నాకు తెలుసు. రాయబుద్ధి కావడం లేదు. మేమెవరమూ ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళం కాదు. పట్టాళంలో తుపాకీ నేర్పే మనిషిని ఉస్తాద్ అంటారట. హవల్దారుగా దిగిపోయి ఊరికి వచ్చినా ఆ పిలుపు ఆయన వెంటే వచ్చేసింది. చిత్తూరు నుంచి వేలూరు పోయే దారిలో, ఒక గుట్ట కింద రైఫిల్ క్లబ్బు వాళ్ళ రేంజి ఉంది. పైన రేకులు, మూడు పక్కలా గోడలు, నాలుగో పక్క మైదానం, దాని చివర గుండ్లు దిగబడే మట్టికట్ట. ఆ రేంజికి పెద్ద దిక్కు ఆయనే. తాళాలు తీసేదీ ఆయనే, టార్గెట్ కాగితాలు అతికించేదీ ఆయనే, మాకు నేర్పేదీ ఆయనే. క్లబ్బు మెంబర్లు మాత్రం ఆయన వెనకాల 'దూది ఉస్తాద్' అని నవ్వుకునేవాళ్ళు.

ఆ పేరెందుకు వచ్చిందో మొదటి రోజే నాకు అర్థమైంది. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. స్పోర్ట్స్ కోటాలో సర్కారు ఉద్యోగం వస్తుందని ఎవరో చెబితే మా నాయన నన్ను సైకిలెక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళాడు. తుపాకీ చూపిస్తాడేమో అని నేను ఉబలాటపడుతుంటే ఉస్తాద్ ఒక పాత పౌడరు డబ్బా మూత తీశాడు. లోపల వరసగా పేర్చిన దూది ఒత్తులు. దీపానికి పెట్టే వాటికంటే లావు, చివర సన్నం, కొబ్బరినూనె వాసన.

"ఇదేంది పాపా?"

"దూది, ఉస్తాద్."

"కాదు. ఇదే తుపాకీ నేర్సుకునేదానికి మొదటి పాటం. కంటికి రెప్ప ఉండాది. నోటికి పెదిమి ఉండాది. సెవికి ఏముండాది సెప్పు?"

నేను నా చెవి తడుముకున్నాను.

"నేనుండా" అని గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

ఆడపిల్లల చెవి ఆయన ముట్టుకునేవాడు కాదు. తన చెవి మీదే చేసి చూపించేవాడు. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి కొస పట్టుకుని, "పైకి లాగు. ఎనక్కి లాగు. ఇప్పుడు దూర్సు. తిప్పతా దూర్సు. సాలు సాలు, మెదడు దాంకా పోనీబాక" అనేవాడు. వరసలో పడుకున్న ఎనిమిది మందిమీ బొటనవేలు పైకెత్తి చూపిస్తేగానీ కాల్చమని చెప్పేవాడు కాదు. ఒకసారి మునిరత్నం ఒత్తి పెట్టుకోకుండా వేలెత్తాడు. ఉస్తాద్ వంగి చూసి, వాడి తుపాకీ తీసి పక్కన పెట్టి, వారం రోజులు గేటు దగ్గర కూర్చోబెట్టాడు. వాడు ఏడ్చినా వినలేదు. మా అందరిలోకీ బాగా కాల్చేది వాడే అయినా సరే.

ఆ ఒత్తుల మీద ఆయనకున్న మమకారం మామూలుది కాదు. ఆయన నాయన దూది ఏకేవాడు. భుజాన విల్లు తగిలించుకుని ఊరూరా తిరిగి, గట్టిపడిన పరుపులు విప్పి, దూది ఏకి మళ్ళీ కుట్టిచ్చే ఇల్లు వాళ్ళది. "మా నాయన విల్లు మోగిస్తా ఉంటే, టంయ్ టంయ్ అని, ఆ సప్పుడుకే నాకు నిద్ర పట్టేది" అనేవాడు. తమ్ముడు ఇంకా ఆ పనే చేస్తుంటే అతని దగ్గర్నుంచి కొత్త దూది తెచ్చి, గింజ లేకుండా రెండుసార్లు ఏకించి, తొడ మీద అరచేత్తో ఒక్కొక్క ఒత్తీ చుట్టేవాడు. మందుల షాపులో అమ్మే దూది చుట్ట చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. "అది దూదా? తడిసిన కుక్క బొచ్చు" అనేవాడు. మంచి దూదిని అరచేతిలో పెట్టుకుని ఊదితే అది ఎగిరి రేకుల దాకా పోవాలి. పోయిందా, ఆ రోజంతా హుషారుగా ఉండేవాడు.

మెంబర్లకి చెవి మీద బోర్లించుకునే మఫ్‌లు ఉండేవి. నాలుగు జతలు. పేరు రాసి గాజు బీరువాలో పెట్టేవాళ్ళు. మా కోసం కొన్ని తెప్పించమని ఉస్తాద్ ఒకసారి సెక్రెటరీని అడిగాడట. అడిగొచ్చిన రోజు ఆయన ముఖం వెలిగిపోవడం నాకు బాగా గుర్తు.

"సారు ఏమన్న్యాడో తెలుసునా? నీ దూది ఉండంగా అయ్యెందుకప్పా, దండగ అన్న్యాడు!"

పెద్దాయన తన పనిని మెచ్చుకున్నాడనుకున్నాడు ఉస్తాద్. మేమూ అలాగే అనుకున్నాం. చప్పట్లు కూడా కొట్టాం. ఆ చప్పట్లు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు నాకే అసహ్యంగా అనిపిస్తాయి.

ఇంతా చేసి, తన చెవుల్లో మాత్రం ఏమీ పెట్టుకునేవాడు కాదు. ఎందుకని అడిగితే, "నేను కూడా మూసుకుంటే మీ తప్పు నాకెట్లా ఇనపడతాది?" అనేవాడు. మేం ఊపిరి బిగబట్టేది, వదిలేది ఆయన వినాలి. ఊపిరి ఆగిన తరవాత ఎంతసేపటికి గుండు పేలిందో దాన్నిబట్టి, అది ఎక్కడ తగిలిందో టార్గెట్ చూడకుండానే చెప్పేవాడు. "తొందరపడినావు పాపా. ఎడం పక్క, కింద." వెళ్ళి చూస్తే అక్కడే ఉండేది చిల్లు.

మా చిన్న రైఫిళ్ళ చప్పుడు ఒక ఎత్తు. ఆదివారాలు మెంబర్లూ బ్యాంకు గార్డులూ పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ పేల్చేవాళ్ళు. రేకుల కింద ఆ చప్పుడు బయటికి పోయే దారి లేక గోడకీ గోడకీ కొట్టుకుని మా మీదే పడేది. పళ్ళు జిల్లుమనేవి. ఇంటికి పోయాక కూడా చెవిలో సన్నగా ఈల మోగుతూ ఉండేది. మొదటిసారి నేను భయపడి అడిగితే ఉస్తాద్ నవ్వాడు.

"తుపాకీ నీకు సలాం కొడతాండాది. రేపటికి పోతాది."

మర్నాటికి పోయేది కూడా. పట్టాళంలో ఆయనకు అలాగే చెప్పారు. ఆయన మాకు అలాగే చెప్పాడు. మూడో ఏడు వచ్చేసరికి నాకు మర్నాటికి పోలేదు. దాని మర్నాటికీ పోలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఒత్తి సరిగ్గా పెట్టుకోలేదంటాడు, గేటు దగ్గర కూర్చోబెడతాడు. రాష్ట్రం పోటీలు నెత్తి మీదున్నాయి. మునిరత్నానికీ అలాగే మోగేదని, వాడూ అదే భయంతో నోరు మూసుకున్నాడని తరవాత తెలిసింది. ఎనిమిది మందిమి పక్కపక్కనే పడుకుని, ఎవరి ఈల వాళ్ళం దాచుకుని, బొటనవేళ్ళు పైకెత్తాం.

ఈలోగా ఆయన చెవులు ఏమవుతున్నాయో మేం గమనించలేదని చెప్పను. గమనించాం. నవ్వుకున్నాం. "రేపు రాలేను ఉస్తాద్, జ్వరంగా ఉంది" అంటే, "సరి సరి, రొంబ సంతోషం" అనేవాడు. ఏం చెప్పినా అదే. ఫోన్ మోగుతుంటే ఆయన చొక్కా జేబు వైపు మేం చెయ్యి చూపించాలి. కొన్నాళ్ళకి మా వెనక చతికిలబడి, మేం పడుకున్న చెక్క మీద అరచెయ్యి ఆనించడం మొదలుపెట్టాడు. కొత్త పద్ధతేమో అనుకున్నాం. మా ఊపిరి ఆయనకు వినపడటం మానేసిందని, అరచేత్తో పట్టుకుంటున్నాడని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. అప్పుడు కూడా ఆయన తప్పు చెప్పలేదు. ఎడం పక్క, కింద అంటే ఎడం పక్కే, కిందే.

ఆయన దగ్గర నేర్చుకున్న నాలుగో ఏడు నాకు రాష్ట్రంలో రెండో స్థానం వచ్చింది. ఆ పతకం మెళ్ళో వేసుకుని రేంజికి పోతే ఆయన దాన్ని కొరికి చూసి, "ఇత్తడే, ఐనా తీపిగా ఉండాది" అన్నాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా ఖాయమైంది. ఇక మిగిలింది వైద్య పరీక్ష. దానికి తిరుపతి రమ్మన్నారు.

గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకి ఏవో తగిలించారు. చప్పుడు వినపడితే మీట నొక్కాలి. నొక్కాను. చప్పుడు లేనప్పుడు కూడా నొక్కానట. నా ఈలకీ వాళ్ళ చప్పుడుకీ నాకు తేడా తెలియలేదు. బయటికి వచ్చాక, పరీక్ష చేసిన అమ్మాయి, నా ఈడుదే, ఒక కాగితం నా ముందు పెట్టింది. గీత తిన్నగా వచ్చి ఒకచోట బావిలోకి దిగినట్టు దిగిపోయింది.

"ఏం పని చేస్తావు?"

"రైఫిల్ షూటింగ్."

"చెవులకి ఏం పెట్టుకునేదానివి?"

"దూది. మా ఉస్తాద్ సొంతంగా చుట్టి ఇస్తాడు. నూనె వేసి."

ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "చలిగాలికి పెట్టుకునే దూదిని తుపాకీకి పెట్టుకుంటే ఎట్లా? అది పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే" అంది. సొరుగులోంచి పచ్చటి స్పాంజి బిళ్ళ ఒకటి తీసి చూపించింది. దాన్ని వేళ్ళతో నలిపి సన్నగా చేసి, చెవి వెనక్కి లాగి లోపల పెట్టి, అది ఉబ్బి పట్టుకునేదాకా వేలితో అదిమి ఉంచాలట. దాని పైన మఫ్ తొడగాలట. రేకుల కింద కాల్చేటప్పుడు రెండూ ఉండాలట. అరనిమిషంలో చెప్పేసింది. నా నాలుగేళ్ళకి ఆ అరనిమిషం చాలేది.

"ఇది తగ్గతాదా?" అని అడిగాను. మామూలుగా నేను పుస్తకంలా మాట్లాడేదాన్ని. ఆ గదిలో మా అమ్మ మాట వచ్చేసింది.

"పోయింది రాదు. ఉన్నది కాపాడుకో."

ఉద్యోగానికి పనికిరానని మధ్యాహ్నానికి రాసిచ్చేశారు.

చిత్తూరు బస్సులో గుండ్లు కొట్టించుకుని దిగొచ్చిన యాత్రికుల మధ్య నిలబడి వచ్చాను. ఒక ముసలమ్మ నా చేతిలో లడ్డూ ముక్క పెట్టింది. దాన్ని పట్టుకునే ఉన్నాను, తినలేదు. మా నాయనకి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆయన అప్పటికే వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. బస్సు దిగి ఇంటికి పోలేదు. ఆటో ఎక్కి నేరుగా రేంజికి పోయాను.

సాయంత్రం. మెంబర్లు నలుగురు, మెళ్ళో మఫ్‌లు వేలాడేసుకుని టీ తాగుతున్నారు. ఉస్తాద్ మెట్టు మీద కూర్చుని ఒత్తులు చుడుతున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ ఎత్తాడు, ఉద్యోగం వచ్చేసిందని.

"దూది పనికిరాదంట ఉస్తాద్" అన్నాను.

"సరి సరి, రొంబ సంతోషం."

"పనికిరాదంట! నా చెవులు పోయినాయంట!"

"ఎప్పుడు చేరాల్నంట?"

ఇక అరిచాను. నా జన్మలో ఎప్పుడూ అలా అరవలేదు. "నీ దూది వల్ల నా ఉద్యోగం పోయింది! మా చెవులు నాశనం చేసినావు!" మెంబర్లు టీ గ్లాసులు దించారు. గేటు దగ్గర కుక్క లేచి నిలబడింది. అక్కడున్న అందరికీ వినపడింది, ఆయనకు తప్ప. ఆయన ఇంకా నవ్వుముఖంతోనే నా పెదాల వైపు చూస్తున్నాడు. ఆ నవ్వు నాకు భరించరానిదైంది. అక్కడున్న టార్గెట్ కాగితం ఒకటి లాక్కుని, వెనకవైపు పెద్ద అక్షరాలతో రాశాను. దూది పనికిరాదు. పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ఒకటే. డాక్టర్ చెప్పింది. నా చెవి పోయింది. ఉద్యోగం పోయింది.

ఆయన కాగితం దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, ఒక్కొక్క మాటా పెదాలు కదుపుతూ చదివాడు. తెలుగు చదవడం ఆయనకు నెమ్మది. చివరికి వచ్చేసరికి నవ్వు లేదు.

"అందరికీనా?" అన్నాడు.

నేను పెన్నుకి మూత పెట్టాను.

"ఇన్నేండ్లు… అందరికీనా పాపా?"

"పాపకి కోపం రొంబ ఎక్కువే" అని వెనక నుంచి ఒక మెంబరు అన్నాడు. నేను వెనక్కి తిరిగి నడిచాను. ఆయన ముఖం నేను ఎదురుగా చూడటం అదే చివరిసారి.

ఆ మర్నాటి నుంచి ఆయన రేంజికి పోలేదని మునిరత్నం చెప్పాడు. నాకేం జాలి కలగలేదు. మాకు మఫ్‌లు తెప్పించనిది క్లబ్బు. కానీ నా కోపం క్లబ్బు మీదికి పోలేదు. క్లబ్బుకి ముఖం లేదు. ఉస్తాద్‌కి ఉంది. నాకు ప్రేమ ఉన్నది ఆయన మీద కాబట్టి కోపం కూడా ఆయన మీదే వచ్చింది. రేంజిలో ఇప్పుడు ఇరవై మఫ్‌లు గోడకి తగిలించి ఉన్నాయట. కొత్త పిల్లలకి స్పాంజి బిళ్ళలూ ఇస్తారట. బాగుంది.

నేను కోర్టు వీధిలో ఈ జిరాక్స్ అంగట్లో చేరాను. మిషను గోడవైపు ఉంటుంది కాబట్టి నా వీపు వీధికి ఉంటుంది. చేరిన నాలుగైదు నెలలకి ఒకరోజు పొద్దున, పదిన్నర పదకొండు వేళ, వెనక నుంచి పిలుపు వినపడింది.

"పాపా!"

ఆ గొంతు నాకు తెలియకపోవడమేమిటి. అంగడి బయట నాలుగడుగుల దూరంలో ఉన్నట్టున్నాడు. కేకే అది. ఎదుటి టీ కొట్లో మాటలు ఆగిపోయాయి. నాకు ఒళ్ళు మండింది. నడివీధిలో ఈ కేకలేమిటి, ఎవరి పరువు తీయడానికి? కాగితాలు సర్దుతూ ఉండిపోయాను.

"పాపా!!"

ఇంకా గట్టిగా. ఆటోవాళ్ళు తల బయట పెట్టి ఉంటారు. పక్కన టైపు కొట్టే ఆయన మిషను ఆపి, "ఎవురో నిన్నే పిలస్తాండారు సూడమ్మా" అన్నాడు. నాకు తెలుసన్నట్టు తలాడించాను. తిరగలేదు. క్షమించమంటాడేమో, అనుకున్నాను. ఆ మాట నేను విననక్కర్లేదు. నా వీపే ఆయనకు నా జవాబు.

మూడోసారి ఆయన వేసిన కేక మనిషి వేసే కేకలా లేదు. గొంతు చీలిపోయింది. కోర్టు మెట్ల మీదున్న వకీళ్ళ గుమాస్తాలు లేచి నిలబడ్డారని తరవాత చెప్పారు. నేను మిషను మూత దించి, మీట నొక్కి, ఆ పచ్చటి వెలుగు ఇటు నుంచి అటు పోయేదాకా దాన్నే చూస్తూ ఉన్నాను. వెనక ఇంకేం వినపడలేదు. కాసేపటికి టైపు మిషను మళ్ళీ మొదలైంది. "పోయినాడులే పాపం, కండ్లు తుడుసుకుంటా పోయినాడు" అన్నాడు పక్కాయన. ఆ మాట విని నాకు కాస్త తృప్తి కూడా కలిగింది. నిజం రాస్తున్నాను. తృప్తే కలిగింది.

ఆయన పోయిన మూడో రోజు, సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. గేటు దగ్గరే మునిరత్నం ఎదురొచ్చాడు. నగరిలో ఒక బ్యాంకుకి గార్డుగా చేస్తున్నాడు. ఒక చెవి ఎప్పుడూ ఈలేస్తూనే ఉంటుందని, ఫోను రెండో చెవికే పెట్టుకుంటానని మెల్లగా చెప్పాడు.

"ఉస్తాద్‌కి తెలుసునా?"

"యాడ సెప్పేది మే? మా ఇంటికి వచ్చినాడు పాపం, పోయినేడాది. ఎనక నిలబడి పిలిసినాడు. తిరిగినాను. నా తల నిమిరి, టీ కూడా తాగకుండా ఎళ్ళిపోయినాడు. ఎందుకొచ్చినాడో ఏమో."

వెనక నిలబడి పిలిచాడన్న మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో అప్పుడే పూర్తిగా అర్థం కాలేదు.

లోపల ఉస్తాద్ భార్య గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆమెను నేను అంతకు ముందు చూడలేదు, ఆమె నన్ను చూడలేదు. ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నదాన్ని అని చెప్పాను. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"మీరంటే పానమమ్మా ఆయనకి. ఎవురో పిల్ల సెప్పిందంట, దూది పనికిరాదని. ఆ కాగితం జోబీలో పెట్టుకోని నెలలకి నెలలు తిరిగినాడు. నగరి, పుత్తూరు, పలమనేరు, తడ దాంకా పోయినాడు. బస్సులో. యాడ ఎవురుండారో కనుక్కోని, ఒక్కొక్కరింటికీ."

"ఎందుకు?" అన్నాను.

"సెవులు ఉండాయో లేదో సూసేదానికి. నోటితో అడిగితే మీరు బాగుండామనే అంటారు, గురువు మనసు నొస్తాదని. అందుకని ఎనకమాల పోయి నిలబడి గుసగుసగా పిలిసేది. తిరిగితే సెవి బాగున్నట్లు. తిరగకుంటే కొంచిం గట్టిగా. అట్ల మూడుసార్లు. అదీ ఆయన లెక్క." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను గూడా రెండూర్లకి పోయినానమ్మా ఎమ్మడి. గుసగుసగా పిలస్తాండానని ఆయన అనుకుంటాడు, ఊరంతా ఇనపడేటట్లు అరస్తాడు. ఆయన గొంతు ఆయనకి ఇనపడదు గదా. దానికి ఎవురు తిరగరు? అందరూ తిరిగినారు. నేనెట్లా సెప్పేది, నువ్వు అరస్తాండావని? ఇంటికొచ్చి సంతోసంగా రెండు ముద్దలు తింటాండె. తిననీలే అనుకున్న్యా."

నేను చాప అంచు పట్టుకుని కూర్చున్నాను.

"ఒక్క పిల్ల తిరగలేదంట. ఈ ఊర్లోనే, కోర్టు కాడ. మూడుసార్లు పిలిసినాడంట. ఆ దినం అన్నం ముట్టలేదు. ఆ పిల్లకి మొత్తం పోయిందే, నేనే పోగొట్టినానే అని తలకాయ గోడకి కొట్టుకున్న్యాడు. అంతటితో తిరిగేది మానేసినాడు. మంచం పట్టినాడు. ప్రతి నమాజుకీ అదే దువా. నాకు మిగిలిందేందన్నా ఉంటే తీసుకోని ఆ పిల్లకియ్యి అని. ఆయనకేం మిగిలిందని ఇచ్చేదానికి? ఐనా అడగతాండె. మొన్న పొద్దున్న దాంకా అడగతానే ఉండె." ఆమె నా వైపు తిరిగింది. "అంత అరుపుకే తిరగలేదంటే ఆ పిల్ల గతేందో, ఆ యమ్మ ఎట్ల బతకతాండాదో."

ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పక్క గదిలో ఎవరో గిన్నె కింద పెట్టిన చప్పుడు నాకు వినపడింది. వీధి చివర సైకిల్ బెల్లు వినపడింది. ఆమె ఊపిరి కూడా వినపడుతోంది.

"నిన్నూ పిలిసింటాడు గదమ్మా?" అని ఆమె మెల్లగా అడిగింది. "నువ్వు తిరిగినావు గదా?"

"తిరిగినానమ్మా" అన్నాను. "మొదటిసారికే తిరిగినా."